కోరంగి ఓడవాళ్లు, లంక రైతులు: పంతొమ్మిదో శతాబ్దపు పూర్వీకుల్ని కాగితాల్లో పట్టుకోవడం ఎలా?

"మా ముత్తాతగారి తండ్రి కోరంగిలో ఓడ మీద తండేలట, లంకలో పొగాకు కూడా వేసేవారట. ఆయన పేరు ఎక్కడ దొరుకుతుందండీ?" ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. (తండేలు అంటే ఓడ నడిపేవాడు, లంక అంటే గోదావరిలో మేట వేసిన నేల.) ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి ఒక్కచోట రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఓడ పేరు పట్టుకుని మొదలుపెడతారు. అది చివర చేయాల్సిన పని. సముద్రం మీద తిరిగినవాడి పేరు రాసిపెట్టే అవసరం ఎవరికీ పెద్దగా లేదు. నేల మీద శిస్తు కట్టాల్సినవాడి పేరు మాత్రం సర్కారు వదలదు. ఈ కుటుంబాల్లో అన్న ఓడ ఎక్కితే తమ్ముడు లంకలో సేద్యం చూసేవాడు, భూమి మాత్రం ఇద్దరి పేరా ఉండేది. అందుకే నీటి మీద మనిషిని నేల కాగితాల్లో వెతకమంటాను.

కోరంగి, తాళ్లరేవు, నీలపల్లి, ఇంజరం, యానాం చుట్టుపక్కల ఊళ్లకీ, గౌతమి దాటి కోనసీమ లంకలకీ ఇది పనికొస్తుంది. నర్సాపురం వైపు వాళ్లకూ దారి ఇదే, ఆఫీసులు వేరు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక పెద్ద నోటుపుస్తకం. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించండి. వంశవృక్షం బొమ్మ ఇప్పుడే గీయకండి.
- ఇంట్లో మిగిలిన పాత దస్తావేజులు, పట్టా కాగితాలు, శిస్తు రసీదులు. చెదలు తిన్నా పారేయకండి.
- ఊరి పాత పేరు, ఇప్పటి పేరు, కనీసం ఒక్క సర్వే నంబరు.
- గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దాయన. దస్తావేజు లేఖరుల్లో పాతవాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉన్నారు, వెతుక్కోండి.
- ఆధార్ నకళ్లు, దరఖాస్తు కాగితాలు, ఫీజు డబ్బులు. అన్నిటికంటే ముఖ్యం, ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగే ఓపిక.

1. ఇంటి నుంచి మొదలుపెట్టండి

మీ ఇంట్లో తద్దినాలు పెట్టే ఆనవాయితీ ఉంటే సగం పని అయిపోయినట్టే. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి, తల్లి వైపు కూడా మూడు తరాలు చెప్పాలి. ఇప్పుడు డెబ్బై ఏళ్లున్న పెదనాన్నగారు చెప్పే ముత్తాత పేరు మిమ్మల్ని నేరుగా 1850, 1860ల దగ్గర దించుతుంది. పురోహితుడి దగ్గర పాత చీటీ ఉందేమో అడగండి. గయ వెళ్లొచ్చిన కుటుంబమైతే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో ఊరి పేరు మీద వెతికించవచ్చు.

ఆ ఆనవాయితీ లేని ఇళ్లలో ఆడవాళ్లను అడగండి. మామ్మలకు పేర్లకంటే సంబంధాలు గుర్తుంటాయి: "రంగంలో (రంగూన్‌లో) పోయిన చినతాత", "ఉప్పెనలో కొట్టుకుపోయిన ఆవిడ", "ఇల్లరికం వచ్చినాయన". చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అక్కడే సరిదిద్దబోకండి.

క్రైస్తవ కుటుంబమైతే చర్చి బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు ముందు చూడండి. నర్సాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ 1836 నుంచీ ఉంది. కాకినాడలో కెనడా బాప్టిస్టులు 1874లో మొదలుపెట్టారు.

2. ఊరు ఏ కాలంలో ఎవరి కింద ఉందో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా ఆఫీసుకి వెళ్లినవాళ్లే ఎక్కువగా ఉత్త చేతులతో తిరిగొస్తారు. ఒకే ఊరు 1859 వరకూ రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్లో మళ్లీ చీలి తాళ్లరేవు వైపు కాకినాడ జిల్లాలోకి, అమలాపురం వైపు కోనసీమ జిల్లాలోకి వెళ్లాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. పాత పుస్తకం ఇప్పటి మండలం ఆఫీసులో కాకుండా పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయి ఉండొచ్చు.

ఇంకో ప్రశ్న కూడా తేల్చుకోవాలి. ఆ ఊరు రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ గ్రామమా, జమీందారుకి కట్టే జమీందారీ గ్రామమా? జమీందారీ అయితే పంతొమ్మిదో శతాబ్దంలో రైతుల పేర్లు సర్కారు పుస్తకంలో ఉండవు, ఎస్టేటు లెక్కల్లో ఉంటాయి. అలాంటి ఊరికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం తర్వాతి సర్వేలు, 1948 జమీందారీ రద్దు చట్టం తర్వాతి సెటిల్మెంటు (నేల కొలిచి శిస్తు ఖాయం చేసిన) కాగితాలతో మొదలుపెట్టి వెనక్కి నడవాలి. యానాం సంగతి పూర్తిగా వేరు, అప్పట్లో అది ఫ్రెంచి వాళ్లది. ఏడో మెట్టులో చెబుతాను.

3. డైగ్లాట్ పేజీ సంపాదించండి

రెవెన్యూ ఆఫీసులో "డైగ్లాట్ కావాలి" అంటే అర్థమవుతుంది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో అచ్చయిన సెటిల్మెంటు రిజిస్టరు అది. గోదావరి డెల్టాలో మొదటి సెటిల్మెంటు 1860లలో జరిగింది. రీసెటిల్మెంటు 1900 ప్రాంతంలో జరిగింది, ఆ పుస్తకాన్ని ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్మెంటు రిజిస్టరు) అంటారు. చాలాచోట్ల చేతికొచ్చేది ఈ రెండోదే.

వరసని ఇలా చదవండి. మొదట సర్వే నంబరు, పక్కన పాత నంబరు. తర్వాత సర్కారుదా ఇనామా (సేవకో దానంగానో ఇచ్చిన నేలా), మెట్టా మాగాణా, నీటి ఆధారం ఏమిటి, తరం (నేల రకం) ఎంత, విస్తీర్ణం, శిస్తు. ఆ తర్వాత పట్టా నంబరు, పట్టాదారు పేరు. చివర రిమార్కులు. అందరూ పేరు చూసి పుస్తకం మూసేస్తారు. మీరు మాత్రం మూడు గడులు వదలొద్దు. పాత నంబరు గడి మిమ్మల్ని ముందరి కొలతకు తీసుకెళ్తుంది. పట్టా నంబరు పట్టుకుని పుస్తకమంతా తిప్పితే ఆ మనిషి మొత్తం భూమి బయటపడుతుంది. రిమార్కుల్లో దొరువు (చిన్న నీటిగుంట), దిబ్బ, శ్మశానం, గుడి ఏదైనా రాసి ఉంటే ఇంట్లో చెప్పుకునే కథతో పోల్చి చూసుకోవచ్చు.

పేరుండాల్సిన చోట వట్టి చుక్కలే ఉంటే కంగారు పడకండి. చుక్కల భూములు అంటే ఇవే. అప్పట్లో పట్టాదారుని తేల్చలేదని అర్థం. మీవాళ్లు అక్కడ లేరని కాదు.

దరఖాస్తు "మా పూర్వీకుల వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే పక్కన పడేస్తారు. "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, డైగ్లాట్ పేజీ ధృవీకరించిన నకలు" అని రాయండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే వాక్యం మళ్లీ పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఓ ఆఫీసులో పుస్తకం లేదని నాకు రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పారు. మూడోసారి వెళ్తే అది బీరువా కాలు కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. "లేదు" అంటే కొన్నిసార్లు "వెతకలేదు" అని.

పాత కరణంగారి ఇంటికి కూడా ఒకసారి వెళ్లండి. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు అప్పగించకుండా మిగిలిన అడంగళ్లు (ఏటేటా రాసే సాగు లెక్కలు), పదో నంబరు లెక్కలు (పట్టాదారు వారీ భూమి వివరాలు) కొన్ని ఇళ్ల అటకల మీద ఉండిపోయాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. ఫొటో తీసుకోండి, పుస్తకం మాత్రం అడగకండి.

4. లంక భూమి అయితే కౌలు కాగితం చూడండి

అసలు చిక్కంతా ఇక్కడే. గోదావరి ఒక ఏడు మేట వేస్తుంది, ఇంకో ఏడు కోత కోస్తుంది. స్థిరంగా లేని నేలకి సర్కారు తేలిగ్గా పట్టా ఇవ్వలేదు. చాలా లంకల్ని వేలం వేసి కౌలుకిచ్చేది. మూడు తరాలు లంక పొగాకు పండించిన కుటుంబం పేరు డైగ్లాట్‌లో కనబడకపోవడం మామూలే. వాళ్ల పేరు కౌలు ముచ్చలికల్లో (ఒప్పంద పత్రాల్లో), శిస్తు బకాయిల జాబితాల్లో ఉంటుంది. బకాయి పడ్డవాడి పేరు కచ్చితంగా ఉంటుంది.

సర్వే నంబరు దొరికాక ఇప్పటి పటంలో వెతికితే అక్కడ నీళ్లు కనబడొచ్చు. తప్పు మీది కాదు, ఆ నేల ఏట్లో కలిసిపోయింది. కోత పడ్డాక ఆ ఊరివాళ్లు ఎదురుగట్టుకి మారారేమో చూడండి. ఇంటిపేరుతో పాటు ఊరి దేవత కూడా అక్కడికి వెళ్లి ఉంటుంది.

5. రిజిస్ట్రారు ఆఫీసులో నాలుగో పుస్తకం అడగండి

1864 చట్టంతో దస్తావేజుల రిజిస్ట్రేషను మొదలైంది. వంద రూపాయలూ ఆపైన విలువున్న స్థిరాస్తి బదిలీలకు అది తప్పనిసరి, అంతకు తక్కువైతే ఐచ్ఛికం. పేదవాళ్ల బేరాలు ఇక్కడ తక్కువగా కనబడటానికి కారణం అదే. ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే చేత్తో వెతికించాలి. పేర్ల సూచిక ఒకటో నంబరు, ఆస్తి సూచిక రెండో నంబరు. మీ దగ్గర సర్వే నంబరు ఉంది కాబట్టి రెండోదానితో మొదలుపెట్టండి.

స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి. వాటిని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఓడ, ఓడలో వాటా, వల, పడవ అన్నీ చరాస్తులు. వాటి తనఖాలు, అమ్మకాలు రిజిస్టరు చేయించి ఉంటే నాలుగో పుస్తకంలో ఉంటాయి. ఆ నకలు దస్తావేజు రాసినవారికి, హక్కుదారులకు, లేదా వారి ప్రతినిధికే ఇస్తారు. అందుకని వారసుల ధ్రువపత్రం పట్టుకెళ్లండి. ఈ పుస్తకం సంగతి చెప్పగానే గుమాస్తా ముఖం చిట్లిస్తాడు. పట్టు వదలకండి.

దస్తావేజు చేతికొచ్చాక ఆస్తి వివరం కంటే ముందు మొదటి రెండు పంక్తులు చదవండి. ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు కాపురస్తుడు, జీవనం ఫలానా. "జీవనం" దగ్గర సేద్యం అనో, ఓడ పని అనో ఉంటుంది. ఓడ పని అని ఉంటే మీకు ఇంకేం కావాలి!

తర్వాత చెక్కుబందీ. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దుల్లో పక్క రైతుల పేర్లుంటాయి. మీవాళ్ల దస్తావేజు దొరక్కపోతే పక్కవాళ్లది తీయించండి. నాకు మా పూర్వీకుడి పేరు మొట్టమొదట దొరికింది ఎవరిదో కొబ్బరితోట అమ్మకంలో, "పడమర హద్దు" దగ్గర. ఆయన అమ్మలేదు, కొనలేదు, సాక్షి కూడా కాదు. ఉత్త గట్టు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవ నీళ్లందిన నేల మాగాణి అయ్యాక ధర పెరిగింది, బేరాలూ తగాదాలూ పెరిగాయి. అందుకే 1870ల తర్వాత కాగితం దండిగా దొరుకుతుంది.

6. ఇనాం ఉందేమో చూడండి

1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరా విచారణ చేసి ఫెయిర్ రిజిస్టరు రాసింది. మొదట ఇనాం ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయసెంత, మొదటివారికి ఏమవుతారు అన్నీ అందులో ఉంటాయి. ఇనాం ఉన్న కుటుంబానికి ఒక్క పేజీలో మూడు తరాలు దొరుకుతాయి. వడ్రంగం, గుడి సేవ, వైద్యం చేసినవాళ్లు దీన్ని అస్సలు వదలొద్దు.

7. యానాం పుస్తకాలు

మన వైపు జనన మరణాల నమోదు 1899 మద్రాసు చట్టం దాకా ఒక పద్ధతిలో లేదు. యానాంలో మాత్రం ఫ్రెంచి పద్ధతి పౌర రిజిస్టర్లున్నాయి. వాటి పాత ప్రతుల్ని ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ వలస పత్రాల భాండాగారం ఆన్‌లైన్లో ఉంచింది. ఉచితంగానే చూడొచ్చు. యానాం పేరు అక్కడ "యనావొన్" అని ఉంటుంది. రాత ఫ్రెంచిలో ఉన్నా భయపడకండి. మాదిరి ఒకటే, పేర్లూ తేదీలూ మారతాయి, పది పేజీలు తిప్పితే అలవాటైపోతుంది. ఏడాది పుస్తకం చివర పేర్ల సూచిక ఉంటే దానితో మొదలుపెట్టండి. మన "ఉ" శబ్దాన్ని వాళ్లు రెండక్షరాలతో రాస్తారు, "చ"కి మూడక్షరాలు వాడతారు. కాబట్టి మీ ఇంటిపేరుని నాలుగైదు రకాలుగా రాసి దగ్గర పెట్టుకోండి.

ముత్తాతల పెళ్లి యానాంలో జరిగిందని ఇంట్లో చెప్పుకుంటే ఏ ఏడో అడగండి. 1929లో శారదా చట్టం వచ్చాక ఇంగ్లీషు వాళ్ల సీమలో చిన్నపిల్లల పెళ్లిళ్లు కుదరక జనం యానాం వచ్చి చేసుకునేవారు. కల్యాణపురం అని దానికి పేరే పడింది. ఆ పెళ్లి చూసి "మావాళ్లు యానాం వాస్తవ్యులు" అనుకుంటే తప్పుదారి పడతారు.

8. ఇప్పుడు ఓడ

ఊరు, తండ్రి పేరు, సుమారు ఏళ్లు చేతికొచ్చాకే ఇక్కడికి రండి. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఇండియాలో ఓడల రిజిస్ట్రేషనుకి 1841లో పదో నంబరు చట్టం ఉంది. ఆ దస్త్రాల్లో ఓడ, యజమాని, సరంగు (ఓడ పెద్ద) పేర్లు దొరికే ఆశ ఉంది. కళాసీల (ఓడ పనివాళ్ల) పేర్ల మీద ఆశ పెట్టుకోకండి.

ఓడ కూలీలను తీసుకెళ్లిందని ఇంట్లో చెప్పుకుంటే, లేదా మనవాళ్లే వెళ్లిపోయారంటే మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థలో వలస దస్త్రాలున్నాయి. దక్షిణాఫ్రికాలోని నటాలుకు వెళ్లిన ఓడల జాబితాల్లో తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు కూడా రాశారు. రంగం సంగతి వేరు. రానూపోనూ తిరిగేవాళ్లు కాబట్టి పేరుపేరునా రాసిన జాబితా నాకు ఇంతవరకూ కనబడలేదు. ఇంకో జాగ్రత్త: బర్మాలో తెలుగువాళ్లందర్నీ "కోరంగీలు" అనేవారు. అక్కడి కాగితంలో ఆ మాట కనబడితే ఆయన శ్రీకాకుళం వాడైనా కావచ్చు.

9. తేదీని మూడువైపులా పట్టి చూడండి

పాత కాగితంలో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం), శాలివాహన శకం, సంవత్సరం పేరు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ వరకు తేదీలకు 591 కలపాలి. శకానికి 78 కలపండి. సంవత్సరం పేరు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తుంది. ప్రభవ 1807లోనూ వచ్చింది, 1867లోనూ వచ్చింది.

ఉదాహరణకి కోరంగిని ఊడ్చేసిన తుపాను 1839 నవంబరు 25న వచ్చింది. ఫసలీ 1249, శకం 1761, వికారి సంవత్సరం కార్తీక బహుళం, సోమవారం. అన్నీ కలిశాయి. మీ కాగితంలో వారం కలవకపోతే ఎవరో నకలు రాసేటప్పుడు తప్పారన్న మాట.

ఇంట్లో చెప్పుకునే కథల్ని కూడా ఇలాగే బిగించవచ్చు. "నందన కరువు" అంటే 1832–33. "ధాత కరువు" అంటే 1876–77. బందరు ఉప్పెన రక్తాక్షి, అంటే 1864 నవంబరు. "ఉప్పెన" అని మాత్రమే అంటే కోరంగి వైపు 1789 డిసెంబరుదీ ఉంది, 1839దీ ఉంది. రెంటినీ కలిపేసిన వంశచరిత్రలు నేను నాలుగు చూశాను.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది తాత పేరు మనవడికి పెట్టడం వల్ల వచ్చేది. నేనూ పడ్డాను ఆ గోతిలో. 1868 దస్తావేజులో ఉన్న ఆయనా, 1912 పట్టాలో ఉన్న ఆయనా ఒకరే అనుకుని రెండేళ్లు వెతికాను. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే. తండ్రి పేరు చూస్తే ఒకరు తాత, ఒకరు మనవడు. తండ్రి పేరు లేని కాగితాన్ని "అనుమానం" అని రాసి పక్కన పెట్టండి.

ఇంటిపేరు మారితే వంశం తెగిందనుకోవడం రెండో తప్పు. దత్తత వెళ్లి ఉండొచ్చు. ఇల్లరికం వచ్చినాయన మామగారి భూమి మీద తన ఇంటిపేరుతోనే పట్టా చేయించుకుని ఉండొచ్చు. భూమి అదే, ఇంటిపేరు వేరు అయితే ముందు పెళ్లి సంబంధం వెతకండి.

పట్టా మారిన ఏడే మనిషి పోయిన ఏడనుకోవడం ఇంకొకటి. ఓడతో పోయి తిరిగి రానివాడి విషయంలో ఇది బొత్తిగా పనికిరాదు. ఏడేళ్లు జాడ తెలియకపోతేనే చనిపోయినట్టు భావించవచ్చని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. కుటుంబం అంతకంటే ఎక్కువే ఎదురుచూసి ఉంటుంది. దానికంటే మంచి ఆధారం ఉంది. భర్త సంతకమో వేలిముద్రో ఉన్న చివరి దస్తావేజు, "మైనరు కుమారుడి తరఫున తల్లి" అని ఉన్న మొదటి దస్తావేజు తీసుకోండి. ఆయన ఆ రెంటి మధ్య పోయాడు.

ఇక జనాభా లెక్కలు. "1871 సెన్సస్‌లో పేరు చూడొచ్చా?" అని అడుగుతారు. మనకు మిగిలినవి అంకెలే. ఇంటింటి పేర్ల కాగితాలు లేవు. దాని మీద రోజు వృథా చేయకండి.

కుంచాలు, గరిసెలు ఎకరాల్లోకి మార్చేముందు ఆ ఊరి లెక్క అడగండి. ఊరికో కొలత.

దొరికింది మనవాళ్లదేనని తేల్చుకోవడం

నా లెక్క ఇది. పేరు, తండ్రి పేరు, నేల: ఈ మూడూ వేరువేరు ఆఫీసుల నుంచి వచ్చిన రెండు కాగితాల్లో కలిస్తే ఖాయం. రెండే కలిస్తే పెన్సిలుతో రాయండి. ఒక్కటే కలిస్తే అసలు ఎక్కించకండి, ఎంత ముద్దొచ్చినా సరే.

తర్వాత వయసులు వేసి చూడండి. తండ్రీకొడుకుల మధ్య పద్దెనిమిదేళ్ల కంటే తక్కువ వచ్చినా, యాభై దాటినా మధ్యలో ఒక మనిషి తప్పిపోయాడేమో చూడాలి. చివరగా అన్ని కాగితాల హద్దుల్నీ ఒక తెల్లకాగితం మీద గీయండి. పొరుగువాళ్లు తరం తరానికీ కొనసాగుతూ వస్తే పటం అతుకుతుంది. అతకలేదంటే రెండు కుటుంబాల్ని కలిపేసుంటారు. మళ్లీ మూడో మెట్టుకి వెళ్లి, పట్టా నంబరు దగ్గర్నుంచి మొదలుపెట్టండి.